రెండు గజాల దూరంలో శ్రోత: ఒపేరా గొంతు క్యాబరేకి ఎలా అలవాటు పడుతుంది

క్యాబరే అనగానే తెలుగువాళ్ళకి పాత సినిమాల్లో విలన్ డెన్‌లో జరిగే డాన్సు గుర్తొస్తుంది. ఇక్కడ మాట్లాడేది దాని గురించి కాదు. 1881లో రొడాల్ఫ్ సాలీ పారిస్‌లోని మోంమార్త్ర్‌లో ‘ల షా న్వార్’ తెరిచాడు. 1901లో ఎర్న్‌స్ట్ ఫన్ వోల్ట్‌సోగెన్ బెర్లిన్‌లో ‘ఊబర్‌బ్రెట్ల్’ మొదలుపెట్టాడు. చిన్న గది, నాలుగు బల్లలు, ఒక పియానో, కథ చెబుతున్నట్టు పాడే ఒక మనిషి. ఈ గానానికే క్యాబరే అని పేరు. అలాగే ‘శాస్త్రీయం’ అన్న చోటల్లా పాశ్చాత్య శాస్త్రీయ గానం, అంటే ఒపేరా, పియానోతో పాడే కవితా గీతాలైన జర్మన్ లీడ్, ఫ్రెంచ్ మెలొడీ అనుకోండి.

ఈ రెండూ పాడగలిగే గాయని గురించి చెప్పేటప్పుడు ‘ఆమెకి రెండు గొంతులున్నాయి’ అంటుంటారు. ఉన్నది ఒకటే గొంతు. మారేది వినేవాడు కూర్చున్న దూరం. మిగతా తేడాలు, అచ్చుల రంగు, వైబ్రాటో (స్వరంలో ఊపు), కీ (పాట పాడే శ్రుతి ఎత్తు), ఊపిరి, చివరికి చూపు కూడా, చాలావరకు ఆ దూరం వల్ల వచ్చినవే. ఇది ముందే బుర్రకెక్కితే ఏళ్ళ తరబడి చేసే పొరపాట్లు కొన్ని తప్పుతాయి.

ఒపేరా గొంతు సంగతి చూడండి. మైకు లేదు, ముందు పెద్ద ఆర్కెస్ట్రా ఉంది, చివరి వరుస ఎక్కడో ఉంది. ఆర్కెస్ట్రా శబ్దంలో బలం ఎక్కువగా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండి, పైకి పోయేకొద్దీ తగ్గిపోతుంది. అందుకని శిక్షణ పొందిన గొంతు 3000 హెర్ట్జ్ దగ్గర ఒక శక్తి గుత్తిని తయారుచేసుకుంటుంది. గానధ్వని శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ పరిశోధనల తర్వాత ‘సింగర్స్ ఫార్మెంట్’ అన్న పేరు స్థిరపడింది దీనికే. మగ గొంతుల్లో, కింది స్థాయి ఆడ గొంతుల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. సొప్రానో (అన్నిటికన్నా ఎత్తైన ఆడ గొంతు) పై స్వరాల్లో దారి వేరు: దవడ తెరిచి, నోటి కుహరపు మొదటి అనునాదాన్ని పాడుతున్న స్వరం దగ్గరికి జరుపుతుంది. ఎఫ్5 (అక్షరం స్వరం పేరు, అంకె పియానో మీద అది పడే స్థాయి) అంటే దాదాపు 698 హెర్ట్జ్. ‘ఈ’ అనే అచ్చుకి ఆ మొదటి అనునాదం ఉండేది సుమారు 300 హెర్ట్జ్ దగ్గర. కాబట్టి ఆ ఎత్తులో ‘ఈ’ని ‘ఈ’గా పలకడం కుదరదు, అన్ని అచ్చులూ ‘ఆ’ వైపు జారిపోతాయి. పై స్థాయిలో సొప్రానో పాడే మాటలు అర్థం కావని చేసే ఫిర్యాదుకి కారణం ఆమె బద్ధకం కాదు, భౌతికశాస్త్రం.

రెండు గజాల దూరంలో కూర్చున్న మనిషికి ఇవేవీ అక్కర్లేదు. అతనికి మాట కావాలి. ఆ దూరంలో 3000 హెర్ట్జ్ గుత్తి చెవిలో సూదిలా దిగుతుంది. మైకులోంచి వస్తే మరీను.

అందువల్ల క్యాబరే శిక్షణ మొదలయ్యేది స్వరసాధనతో కాదు, కీ ఎంపికతో. ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు, ఎందుకంటే అచ్చువేసిన స్వరలిపిలో ఉన్న కీని దేవుడి వాక్కులా చూడటం శాస్త్రీయ శిక్షణ నేర్పిన అలవాటు. క్యాబరేలో కీ అనేది చొక్కా కొలత లాంటిది. పాటలో అతి ముఖ్యమైన వాక్యాన్ని ఎంచుకుని, ఎదురుగా కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు మామూలుగా పలకండి. ఆ పలుకు ఏ స్వరం దగ్గర ఆగుతోందో పియానో మీద వెతకండి. ఆడవాళ్ళ మాట సాధారణంగా 200 హెర్ట్జ్ చుట్టూ, అంటే జి3 దగ్గర తిరుగుతుంది. మగవాళ్ళది 110 నుంచి 120 మధ్య. పాటలో మాటలు దట్టంగా ఉన్న భాగం ఆ స్వరం నుంచి పైకి ఒక సిక్స్త్ (ఆరు స్వరాల మేర) లోపల పడేలా కీ పెట్టాలి. సొప్రానోకి పాటలో ఎక్కువ భాగం ఏ3 నుంచి ఏ4 దాకా, శిఖరం బి4 లేదా సి5 దగ్గర అనుకోవచ్చు. శాస్త్రీయ కీతో పోలిస్తే ఇది సాధారణంగా ఒక ఫోర్త్ నుంచి ఫిఫ్త్ దాకా, అంటే 5 నుంచి 7 సెమీటోన్లు (పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక సెమీటోన్) కిందికి. 

జర్మన్ స్వరకర్త కుర్ట్ వైల్ 1933లో పారిస్ కోసం రాసిన ‘ఏడు ఘోర పాపాలు’ ఇందుకు మంచి సాక్ష్యం. తన భార్య, గాయని లోటె లెన్యా కోసమే రాసినా, 1950లలో ఆమె గొంతు కిందికి దిగాక అదే కృతిని ఒక ఫోర్త్ కిందికి మార్చి రికార్డు చేశారు. ఇప్పుడు రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి. సొప్రానోలు పైదాన్ని, కింది గొంతువాళ్ళు, నటి-గాయనులు కిందిదాన్ని ఎంచుకుంటారు.

కీ దించడంలోనూ ఒక ప్రమాదం ఉంది. మరీ దించితే వాక్యం చివరి మాటలు గరగరలోకి జారిపోతాయి. క్యాబరేలో మెరుపు ఉండేది ఎక్కువగా ఆ చివరి మాటలోనే. కాబట్టి మూడు కీలు పరీక్షించండి: అనుకున్నది, దానికి ఒక సెమీటోన్ పైన, ఒక సెమీటోన్ కింద. ఫోను రెండు మీటర్ల దూరంలో పెట్టి మూడూ రికార్డు చేసి, మర్నాడు వినండి. ఆ రోజే వింటే గొంతులో సుఖంగా అనిపించినది నచ్చుతుంది, మర్నాడు మాట తెలిసినది నచ్చుతుంది.

కీ కుదిరాక సాహిత్యం మీదికి. పాటని పంక్తులు విడగొట్టకుండా, ఉత్తరం రాసినట్టు ఏకధాటిగా చేత్తో రాసుకోవాలి. పద్యం లాంటి విరుపులు కనిపించకపోతే అర్థపు విరుపులు బయటపడతాయి. ఒక్కో వాక్యానికి ఒకే ఒక్క మాట కింద గీత గీయండి. రెండు మాటల కింద గీస్తే ఏది ముఖ్యమో గాయనికే తెలియదన్నమాట. తర్వాత నాలుగు దశలు: మామూలుగా మాట్లాడటం, పాట లయలో మాట్లాడటం, పియానో మీద స్వరసముదాయాలు (కార్డ్‌లు) మోగుతుండగా లయలో మాట్లాడటం, చివరికి పాడటం. మూడో దశని దాటేయాలనిపిస్తుంది, దాటేయకండి. పాట రంగు వింటూ కూడా స్వరంలోకి జారిపోకుండా మాటని పట్టుకోవడం నేర్పేది అదే.

భాష విషయంలో ఫ్రెంచ్ మంచి ఉదాహరణ. మెలొడీ పాడేటప్పుడు పదం చివరి మూగ ‘అ’ని స్వరకర్త ఒక స్వరమిచ్చి రాస్తాడు, గాయని దాన్ని పలకాలి. షాంసోఁలో, అంటే ఫ్రెంచ్ క్యాబరే పాటలో, ఆ అచ్చుని మామూలు మాటల్లోలాగే చాలా చోట్ల మింగేస్తారు. ‘ర’కారం కూడా అంతే. శాస్త్రీయ వేదిక మీద నాలుక కొసతో ఆడించేది, క్యాబరేలో గొంతు వెనక్కి పోవచ్చు. శాస్త్రీయ శిక్షణ ఉన్నవాళ్ళు షాంసోఁ పాడితే పరాయిగా వినిపించడానికి స్వరం కన్నా ఈ రెండు ధ్వనులే ఎక్కువ కారణం.

ఊపిరి. ఒపేరా గాయని ప్రతి పదబంధానికీ ట్యాంకు నింపుకున్నట్టు గాలి తీసుకుంటుంది, పది సెకన్ల లెగాటో (తెగకుండా సాగే) వాక్యానికి అది అవసరమే. నాలుగు మాటల క్యాబరే వాక్యానికీ అంతే తీసుకుంటే గాలి మిగిలిపోతుంది, దాని మీద మళ్ళీ కొత్త గాలి చేరుతుంది, మూడో వాక్యానికల్లా ఛాతీ బిగుసుకుని ఆయాసం వస్తుంది. గాలి చాలక వచ్చిన ఆయాసం అనుకుని ఇంకా ఎక్కువ పీలుస్తారు. నిజానికి అది బయటికి పోని గాలి. మందు తేలిక: వాక్యానికి ముందు కాస్త గాలి వదిలేసి, మాటకి ఎంత కావాలో అంతే గుక్క తీసుకోవడం. ఊపిరి తీసే చోటు సంగీతంలోని విరామం బట్టి కాదు, మాటలోని కామా బట్టి.

ఇక వైబ్రాటో. శాస్త్రీయ గొంతులో సెకనుకి 5 నుంచి 7 సార్లు, స్వరానికి అటూ ఇటూ అర సెమీటోన్ నుంచి ఒక సెమీటోన్ దాకా ఊగుతుంది. చెవి ఆ ఊపు సగటునే శ్రుతిగా తీసుకుంటుంది. అందుకే వైబ్రాటో తీసేసిన రోజున, ఇన్నాళ్ళూ దాని నీడలో దాక్కున్న శ్రుతిలోపాలు బయటపడతాయి. ‘క్యాబరే పాడితే శ్రుతి పోతోంది’ అనుకుంటారు, పోయింది ముసుగు మాత్రమే. సాధన ఇలా: ఒక స్వరాన్ని 5 సెకన్లు పట్టాలి, మొదటి 3 సెకన్లు నిటారుగా, తర్వాతి 2 సెకన్లు వైబ్రాటోని తనంతట తాను రానివ్వాలి. ఏ3 నుంచి ఏ4 దాకా సెమీటోన్ చొప్పున. నిటారు భాగంలో గొంతు నొక్కుకుంటే శ్రుతి కిందికి జారుతుంది, తర్వాత వైబ్రాటో రావడానికి మొరాయిస్తుంది. అలా మొరాయిస్తే ఆపింది గాలితో కాదు, కండరంతో అని అర్థం. అప్పుడు శబ్దం సగానికి తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాలి. పాటలో ప్రతి దీర్ఘస్వరానికీ ఇదే సూత్రం వాడితే అదో కొత్త అలవాటైపోతుంది. వాక్యానికి ఒకటి చాలు.

ఇ4 నుంచి బి4 మధ్య ప్రాంతం అసలైన రణరంగం. శాస్త్రీయ సొప్రానో ఇక్కడికి వచ్చేసరికి హెడ్ వాయిస్‌లోకి (తేలికైన పై గొంతులోకి) మారిపోయి ఉంటుంది. క్యాబరేలో ఇదే చోట మాట్లాడే గొంతు, అంటే చెస్ట్ (బరువైన కింది గొంతు) ప్రధానమైన మిశ్రమం కావాలి. చెస్ట్‌లో స్వరతంత్రులు మందంగా ఉండి, ప్రతి కంపనంలో ఎక్కువ సేపు మూసుకుని ఉంటాయి. హెడ్‌లో సాగి పలచబడి, తక్కువ సేపు మూసుకుంటాయి. బెల్ట్ అంటే ఆ మందపు స్థితిని పైకి తీసుకుపోవడం. దీనికి గాలి ప్రవాహం తక్కువ, కింది నుంచి ఒత్తిడి ఎక్కువ. స్వరపేటిక శాస్త్రీయ గానంలో ఉన్నంత కిందికి ఉండదు, ఉండమని బలవంతపెట్టకూడదు. కింద నొక్కిపట్టి బెల్ట్ చేయబోతే వచ్చేది ఆవలింతలో అరిచినట్టుండే శబ్దం. ఒపేరా గాయనుల క్యాబరే రికార్డుల్లో ఎక్కువగా వినబడే లోపం ఇదే.

నేర్చుకునే దారి: వీధికి అవతల ఉన్న స్నేహితురాలిని ‘ఏయ్’ అని పిలిచినట్టు ఎఫ్4 దగ్గర పిలవండి. అదే పిలుపుని జి4, ఏ4 మీదికి తీసుకెళ్ళండి, అచ్చు గుండ్రంగా చేయకుండా. మొదటి నెల రోజుకి 10 నిమిషాలు మించకూడదు, వారానికి మూడు నాలుగు రోజులు చాలు. తర్వాత ప్రతిసారీ సరిచేసే పని ఉంటుంది: గ్లాసు నీళ్ళలో స్ట్రా 2 నుంచి 5 సెంటీమీటర్ల లోతు పెట్టి, బుడగలు వస్తుండగా పైస్థాయి నుంచి కిందికి జారుడుగా 2 నిమిషాలు. నోటి ముందు ఏర్పడే ఎదురు ఒత్తిడి స్వరతంత్రులు ఒకదానికొకటి కొట్టుకునే బలాన్ని తగ్గిస్తుంది.

మర్నాడు పొద్దున్న ఒక పరీక్ష. సి5 పైన, వీలైనంత మెల్లగా, ఒక చిన్న వాక్యం హెడ్ వాయిస్‌లో పాడాలి. స్వరానికి ముందు ‘హ్’ అని గాలి వచ్చి, శబ్దం ఆలస్యంగా అంటుకుంటే తంత్రులు ఉబ్బినట్టు. ఆ రోజు బెల్ట్ లేదు. రెండు మూడు రోజులైనా తగ్గకపోతే గొంతు వైద్యుల దగ్గరికి వెళ్ళాల్సిందే. గట్టిగా పాడితే బాగానే ఉంది కదా అని సర్దిచెప్పుకోకండి, ఉబ్బు ముందుగా దొరికిపోయేది మెల్లటి పై స్వరాల్లోనే.

పాటల వరుస విషయంలో నా అభిప్రాయం కాస్త మొండిది: నేరుగా ప్రసిద్ధ షాంసోఁలతో మొదలుపెట్టకండి. అవి వినీ వినీ ఎవరిదో అనుకరణ వచ్చేస్తుంది. శాస్త్రీయ స్వరకర్తలే క్యాబరే వైపు వంగి రాసినవి కావలసినన్ని ఉన్నాయి, పూర్తి స్వరలిపితో సహా. ఫ్రెంచ్ స్వరకర్త పూలాంక్ 1940లో నటి-గాయని ఇవోన్ ప్రాంతాం కోసం రాసిన వాల్ట్స్ పాట మొదటి మెట్టు, అక్కడ గొంతు ఇంకా పాత ఇంట్లోనే ఉంటుంది. తర్వాత షోన్‌బెర్గ్ 1901 నాటి బ్రెట్ల్ పాటలు. పన్నెండు స్వరాల పద్ధతికి పేరుపడ్డ మనిషి అంతకు ఇరవై ఏళ్ళ ముందు చిలిపి పాటలు రాశాడని చాలామందికి తెలియదు. ఆయన ‘ఊబర్‌బ్రెట్ల్’లో కొంతకాలం పనిచేశాడు కూడా. ఆ పైన ఇంగ్లీషు స్వరకర్త బ్రిటెన్ 1930ల చివర్లో కవి ఆడెన్ మాటలకి, గాయని హెడ్లీ ఆండర్సన్ కోసం రాసిన నాలుగు క్యాబరే పాటలు. తర్వాత అమెరికన్ స్వరకర్త విలియం బోల్కమ్, రచయిత ఆర్నల్డ్ వైన్‌స్టీన్ కలిసి చేసిన 24 పాటలు. వాటిని మొదట పాడింది బోల్కమ్ భార్య, మెట్సో సొప్రానో (సొప్రానో కన్నా కాస్త కింది గొంతు) జోన్ మారిస్. వైల్‌ని ఆ తర్వాతే పట్టుకోవాలి. ఆయన స్వరాలు సులువుగా కనిపిస్తాయి, అదే ఉచ్చు. అందంగా పాడితే పాట చచ్చిపోతుంది, వికారంగా పాడితే వేషం అనిపిస్తుంది.

1912లో బెర్లిన్‌లో మొదట ప్రదర్శించిన షోన్‌బెర్గ్ కృతి ‘పియెరో ల్యూనేర్’ని పక్కదారిలా వాడుకోవచ్చు. ఇందులో స్వరాల కాడల మీద గుణకార గుర్తులుంటాయి. అవి పాడకుండా, స్వరం పట్టి పలకమనే సూచన. షోన్‌బెర్గ్ ముందుమాటలో సూచించింది సూక్ష్మమైనది: పాటలో స్వరం నిలబడుతుంది, ఇక్కడ స్వరాన్ని తాకి వెంటనే పైకో కిందికో జారి వదిలేయాలి, అయినా మామూలు మాటలా ఉండకూడదు. దాన్ని వేదికెక్కించకపోయినా, మొదటి రెండు భాగాలు నెల రోజులు సాధన చేస్తే మాటకీ పాటకీ మధ్య ఎన్ని మెట్లున్నాయో తెలుస్తుంది.

ఈ దారిలో వెళ్ళినవాళ్ళని వినడం పుస్తకాలు చదవడం కంటే మేలు. ఐలీన్ ఫారెల్ 1960లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఒపేరాలో అడుగుపెట్టిన సొప్రానో, అదే ఏడాది బ్లూస్, స్టాండర్డ్ పాటల రికార్డు వెలువరించింది. కింది స్థాయిలో, మాట గొంతుతో పాడింది, ఎక్కడా ఒపేరా పొగరు కనిపించదు. సొప్రానో తెరెసా స్ట్రాటస్ 1979లో అక్కడే వైల్ ఒపేరా ‘మహగొన్నీ’లో జెన్నీగా పాడింది, తర్వాత లెన్యా ఆమెకి అప్పటిదాకా బయటికి రాని వైల్ పాటలు అప్పగించింది. స్ట్రాటస్ రికార్డులో గొంతు ఒపేరాదే, మాట మాత్రం క్యాబరేది. ఫారెల్, స్ట్రాటస్ ఇద్దరిదీ వేర్వేరు పరిష్కారం, రెండూ ఒప్పే. క్యాబరే వైపు నుంచి పాత సంగీతం వైపు వచ్చినవాళ్ళని చూడాలంటే ఇవెట్ గిల్బేర్. నల్లటి పొడుగు చేతితొడుగులతో చిత్రకారుడు తులూజ్-లొత్రెక్ బొమ్మల్లో మిగిలిపోయిన ఈ దీజ్యూజ్ (పాటని చెబుతున్నట్టు పాడే గాయని) తర్వాతి కాలంలో మధ్యయుగపు ఫ్రెంచ్ పాటలు వెతికి పట్టుకుని పాడింది.

మైకు గురించి ఒపేరా గాయనులకి ఒక చిన్నచూపు ఉంటుంది. దాన్ని వాయిద్యంగా చూడాలి, నేర్చుకోవడానికి కనీసం ఆరు నెలలు పడుతుంది. దూరం రెండింతలైతే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పెదవులకి 5 సెంటీమీటర్లలో ఉన్న మైకుని 20కి జరిపితే 12 డెసిబెల్స్ పోతాయి. పెద్ద స్వరానికి ఈ కదలిక చేయి చేయాలి, తల కాదు. తల వెనక్కి పోతే గడ్డం లేచి గొంతు బిగుస్తుంది. స్వరం మొదలయ్యాక జరిపితే దాని తల పగులుతుంది, కాబట్టి ఊపిరి తీసేటప్పుడే జరపాలి. కార్డియాయిడ్ మైకుకి (ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టేదానికి) మరీ దగ్గరైతే మంద్రం ఉబ్బుతుంది. గుసగుసలాంటి వాక్యానికి అది వరం, మిగతా చోట్ల బురద. మిక్సర్‌లో 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర, అంతకన్నా కింది శబ్దాల్ని తీసేసే కోత పెట్టించుకోండి. ‘ప’, ‘బ’ పేలకుండా మైకుని నోటికి ఎదురుగా కాక 30, 40 డిగ్రీల పక్కగా పట్టుకోవాలి. మైకు జాలీని అరచేత్తో కప్పితే దిశాస్వభావం పోయి కూత (ఫీడ్‌బ్యాక్) పుడుతుంది. గాయనికి తన గొంతు వినిపించే మానిటర్ స్పీకర్ కార్డియాయిడ్‌కి సరిగ్గా వెనక ఉండాలి.

పియానిస్టుతో ఒప్పందం కూడా మారుతుంది. లీడ్‌లో ఇద్దరూ కలిసి ఊపిరి తీస్తారు, గాయని సాగదీస్తే పియానో ఆగుతుంది. క్యాబరేలో మాటని తాళం వెనక్కి లాగి పాడేటప్పుడు పియానో ఆగకూడదు. పాత మర్యాద కొద్దీ పియానిస్టు ఆగితే గాయని ఇంకా వెనక్కి లాగుతుంది, ఇద్దరూ కలిసి పాటని మట్టిలో దింపేస్తారు. ఎడమచేయి నడక ఎవరి కోసమూ ఆగదని రిహార్సల్ మొదటి రోజే అనుకోవాలి. సాధనకి మెట్రోనోమ్ పెట్టుకుని, ప్రతి వాక్యాన్నీ ఒక బీటు ఆలస్యంగా మొదలుపెట్టి, చివరి మాటకల్లా అందుకోవడం. ఆలస్యంగా మొదలుపెట్టడం అందరికీ వస్తుంది, సమయానికి చేరడమే రాదు.

చూపు గురించి రెండు ముక్కలే. కచేరీ గాయని తలల మీదుగా చూస్తుంది, క్యాబరేలో మనుషుల్ని చూడాలి. ఒక ఆలోచనకి ఒక మనిషి, వాక్యం అయిపోగానే వదిలేయాలి. ఎక్కువ సేపు చూస్తే ఆ మనిషి ఇబ్బంది పడి గ్లాసులోకి చూస్తాడు. కదలక్కర్లేదు కూడా, క్యాబరే గాయని మేబెల్ మర్సర్ ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చునే పాడింది.

గంట సేపటి కార్యక్రమానికి 13, 14 పాటలు సరిపోతాయి. పాటకి మూడున్నర నిమిషాలు వేసుకుంటే 45 నుంచి 50 నిమిషాలు. మిగిలిన 10 నుంచి 15 నిమిషాలే మాటలకి. పాటల మధ్య మాటల్ని కూడా రాసి, గడియారం పెట్టి చూసుకోవాలి. అప్పటికప్పుడు చెప్పేద్దాం అనుకున్న నలభై సెకన్ల ముచ్చట వేదిక మీద మూడు నిమిషాలవుతుంది. రాబోయే పాటలో ఏముందో ముందే చెప్పేయడం మరో తప్పు.

రెండు రకాలూ ఒకే సాయంత్రం పాడాల్సి వస్తే శాస్త్రీయ భాగం ముందు, మైకు లేకుండా. విరామం తర్వాత క్యాబరే. తిరగేస్తే చెస్ట్ బరువు పై స్వరాల్లోకి మోసుకుపోయి, పియానిస్సిమో (అతి మెల్లటి స్వరం) దొరకదు. ముగింపుకి ఒక ఏరియా (ఒపేరాలోని ఒంటరి పాట) పెట్టక తప్పదని నిర్వాహకులు పట్టుబడితే, దానికి ముందు రెండు తేలికపాటి పాటలు, బి4 దాటని, హెడ్ వాయిస్‌కి వీలున్నవి, వేసుకోవాలి. ఆ ఏరియాకి మైకు ఆపించేయాలి. ఆపడం కుదరకపోతే కనీసం మీటరు దూరం జరగాలి. విరామంలో చేయాల్సింది ఒక్కటే: నీళ్ళు, స్ట్రా, పైనుంచి కిందికి రెండు నిమిషాల జారుళ్ళు. పలకరించడానికి తెర వెనక్కి వచ్చినవాళ్ళతో గట్టిగా కబుర్లు పెట్టుకుంటే ఆ రెండు నిమిషాలూ వృథా.